ఎంగిలి దారం

మూడో ట్రే కూడా వెనక్కి వచ్చింది.

మేస్త్రీ దాన్ని చేతికివ్వలేదు. రెండు బల్లల అవతలి నుంచే విసిరాడు. పట్టీలన్నీ కుట్టుబల్ల మీద జారి, కొన్ని కింద పడ్డాయి.

"ఏం పెద్దకోడలా, అత్తగారింట్లో కూడా ఇలాగే మాడ్చి పెట్టేదానివా?"

బల్లకి అటూ ఇటూ కూర్చున్న ఆడవాళ్లలో ఇద్దరు నవ్వారు. నవ్వొచ్చి కాదు. నవ్వకపోతే నాలుగో ట్రే తమ ఒళ్లో పడుతుందని.

పెద్దకోడలు వంగి పట్టీలు ఏరుకుంది. ఒక్కొక్కదాన్నీ ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని వేలితో తడిమింది. కుట్టు వంకర పోలేదు. దారం తెగలేదు. ముడి జారలేదు. మరి ఎందుకు తిరిగొచ్చినట్టు?

ఆమెని కార్ఖానాలో అందరూ పెద్దకోడలంటారు. ఆమె మరిది భార్యని చిన్నకోడలంటారు. ఇద్దరూ ఒకేరోజు పనిలో చేరారు. ఒకే గదిలో ఉంటారు, ఒకే గిన్నెలోంచి తింటారు. వాళ్లకి ఆ పేర్లు తెచ్చిపెట్టిన అత్త పోయి చాలాకాలమైంది. మొగుళ్లిద్దరూ ఎక్కడెక్కడో ఎవరెవరివో మేడలు కడుతూ తిరుగుతుంటారు. గుర్తొచ్చినప్పుడు నాలుగు డబ్బులు పంపుతారు. తోటికోడళ్లంటే జుట్లు పట్టుకోవాలని లోకం అనుకుంటుంది. వీళ్లకి జుట్లు పట్టుకునే తీరిక ఎన్నడూ దొరకలేదు.

వాళ్లు చేసే పట్టీ అరచేయంత ఉంటుంది. మెత్తటి తెల్లగుడ్డ, దాని మీద వరసలు వరసలుగా నల్లదారం. రోగి జబ్బకి కడతారు. ఒంట్లో కిడ్నీలు చెడిపోతుంటే, బయటికి పోవలసిన విషం చెమటలోకి ఊరుతుంది. నల్లదారం ఆ చెమట తాగి సంగతి పసిగడుతుంది. కొసకి చిన్న పరికరం తగిలిస్తే అంకె చూపిస్తుంది. సూది పొడవక్కర్లేదు, నెత్తురు తియ్యక్కర్లేదు. మంచి వస్తువే, కాదనం. ఒక పట్టీ కుడితే వచ్చే కూలి ఒక టీ డబ్బులు. అదే పట్టీ మందుల దుకాణంలో కొనాలంటే కుట్టిన మనిషి పదిహేను రోజుల కూలి. మధ్యలో మిగిలిందంతా ఎక్కడికి పోతుందో కుట్టిన మనిషికి చెప్పేవాడు లేడు.

కొత్త పట్టీ పరీక్షగదికి వెళ్లినప్పుడు మీటరు కదలకూడదు. కదిలిందంటే ఆ దారం అప్పటికే దేన్నో తాగేసిందన్నమాట. అలాంటి పట్టీకి కూలి లేదు. పైగా దారం ఖరీదు కోత.

"ఎంగిలి చేస్తున్నావు కదూ?" మేస్త్రీ దగ్గరికి వచ్చి గొంతు పెంచాడు. "గోడ మీద అంత పెద్ద అక్షరాలు రాయించాం, దారం నోట్లో పెట్టకూడదని. కనపడట్లేదా?"

"కనపడుతోందయ్యా," అంది పెద్దకోడలు.

కనపడదు. అదే అసలు సంగతి. ఆమె రెండు కళ్లకీ పొర కమ్మి ఏడాది దాటింది. చేత్తో తడిమి తిన్నగా కుట్టగలదు గానీ సూదిబెజ్జం దొరకదు. ఈ సంగతి మేస్త్రీకి తెలిస్తే ఆ పూటే గేటు బయట. అందుకని రోజూ పొద్దున పని మొదలవకముందే చిన్నకోడలు ఆమె పక్కన కూర్చుని, ఆ పూటకి సరిపడా సూదులన్నీ ఎక్కించి గుడ్డకి గుచ్చిపెట్టి, తన పనికి తాను పోతుంది.

నల్లదారం మొండిది. పైన పూసిన పూత వల్ల బిరుసెక్కి, బెజ్జం దగ్గర పీచులు లేస్తుంది. సూదికెక్కించడానికి సన్నటి తీగలిచ్చారు మొదట్లో. అవి విరిగిపోయాయి. మళ్లీ ఇవ్వలేదు. బోర్డు మాత్రం రాయించారు. కాబట్టి అందరూ కొస నోట్లో పెట్టుకునే ఎక్కిస్తారు. మేస్త్రీకి తెలుసు, మేస్త్రీని పెట్టినవాడికీ తెలుసు. చిన్నకోడలు ఇంకో అడుగు ముందుకేసింది. అక్కకి కుట్టడం తేలికవుతుందని దారం పొడుగునా పెదాల మధ్య పెట్టి లాగి, మెత్తబరిచి మరీ ఇస్తుంది. ఆమె పెదాలు ఎప్పుడూ నల్లగా ఉంటాయి. "అందరూ కాటుక కళ్లకి పెట్టుకుంటే మా చిన్నకోడలు మూతికి పెట్టుకుంటుంది," అని బల్ల దగ్గర ఎకసెక్కాలు. ఆమె కూడా నవ్వేది.

మధ్యాహ్నం తిండి గంటలో పరీక్షగది పిల్ల పెద్దకోడల్ని పిలిచింది. చదువుకున్న పిల్ల, నెలజీతం మనిషి. అయినా అన్నం మాత్రం కుట్టేవాళ్లతో కూర్చునే తింటుంది.

"అత్తా, తలుపు వేసి రా."

"ఏంటే, నువ్వు కూడా తిడతావా?"

"ఇది నోట్లో పెట్టుకో." ఒక కొత్త దారం ముక్క అందించింది. పెద్దకోడలు నాలిక మీద పెట్టుకుని తీసిచ్చింది. పిల్ల దాన్ని గదిలోని మీటరుకి తగిలించింది. మీటరు ముల్లు కాస్త జరిగి ఆగింది.

"చూశావా? ఎవరి ఉమ్మికైనా ఇంతే. ఎర్రగీత దాటదు. దాటకపోతే నేను పోనిస్తాను. నీ ట్రేలకి దాటుతోంది. ఎవరి నోరత్తా అది?"

"నాదే."

"నీది కాదని ఇప్పుడేగా చూశాం! నువ్వు నాకు చెప్తే సరే. మీటరుకేం చెప్తావు?"

పెద్దకోడలు గోడకి ఆనుకుంది. కళ్ల సంగతి చెప్పింది. సూదుల సంగతి చెప్పింది. "నీ కాళ్లు పట్టుకుంటానే, ఎవరికీ చెప్పకు," అంది.

ఆ పిల్ల మొహంలో రంగు పోయింది. కళ్ల సంగతి ఆమెకి పట్టలేదు.

"చిన్నత్తకి కాళ్లు వాస్తున్నాయా?"

"నిలబడి చేసే పని. వాయక?"

"పొద్దున లేవగానే మొహం?"

"ఉబ్బుగా ఉంటుంది. ఒళ్లు చేసిందిలే అనుకున్నాను. ఏం, ఎందుకలా చూస్తావు?"

"ఇది డాక్టరు చెప్పాల్సిన మాట, నేను చెప్పకూడదు." పిల్ల గొంతు తగ్గించింది. "ముల్లు ఎర్రగీత దాటడం కాదత్తా, చివరిదాకా పోయి కొట్టుకుంది. ఎవరో మనిషికి ఒంట్లో బాగాలేదు, దారం తప్పు కాదు అని నిన్ననే మేనేజరుగారికి చెప్పాను."

"ఏమన్నాడు?"

"మనది దారం కంపెనీ, ఆస్పత్రి కాదన్నారు."

ఇదీ సంగతి. దారం పాడవలేదు. దాన్ని ఏ పనికి పుట్టించారో ఆ పని చేసింది. రోగం ఉన్నచోట రోగం ఉందని చెప్పింది. చెప్పిన దారాన్ని పనికిమాలిన దారమని బుట్టలో వేశారు. జబ్బ మీద కట్టుకునేవాడి రోగమైతే అది విజ్ఞానం. దారం చేసేదాని రోగమైతే అది సరుకు లోపం!

చిన్నకోడలి పని నల్లతొట్టి దగ్గర. తెల్లదారాన్ని చుట్టలుగా వేసిన చిలపల్ని తొట్టిలోని నల్లపూతలో ముంచి, పిండి, దండెం మీద ఆరేస్తుంది. పూత పలచగా ఉండడానికి ఏదో ఘాటు ద్రవం కలుపుతారు. డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంటుంది. ఆ గదిలో ఐదు నిమిషాలు నిలబడితే కొత్తవాళ్లకి తల తిరుగుతుంది. దుమ్ము పడుతుందని కిటికీ మూసేశారు. చేతితొడుగులకి వేళ్ల దగ్గర చిల్లులు. మధ్యలో వదిలేసి పోతే పూత అట్టగడుతుందని నీళ్లకి కూడా బయటికి పంపరు. అందుకని ఆమె పొద్దున తాగిన నీళ్లే సాయంత్రం దాకా. అంతకుముందు ఆ తొట్టి దగ్గర చేసినామె ఏమైందంటే "ఊరెళ్లింది" అన్నారు. దానికి ముందామె కూడా ఊరెళ్లిందట. ఆ తొట్టి దగ్గర్నుంచి ఊరెళ్లినవాళ్లు ఎవరూ తిరిగి రాలేదు.

సాయంత్రం పని దిగేముందు మేనేజరు కబురంపాడు. పెద్దకోడలు లోపలికి వెళ్లగానే, "కూర్చోమ్మా," అన్నాడు. ఆ గదిలో ఆమెకి కుర్చీ చూపించడం అదే మొదటిసారి. కుర్చీ చూడగానే ఆమెకి భయం పట్టుకుంది.

"రేపు పొద్దున కొనేవాళ్లు వస్తున్నారు. పెద్ద పార్టీ. ఇన్ని ట్రేలు ఎందుకు పోయాయని అడుగుతారు. దారంలో లోపమంటే లేచిపోతారు. వాళ్లు లేచిపోతే ఇక్కడ ఇంతమంది నోటికాడి కూడు పోతుంది. అవునా?"

"అవునయ్యా."

"నువ్వొక్కమాట చెప్తే చాలు. నేనే ఎంగిలి చేశాను, ఏదో పుల్లటిది తిన్న నోటితో చేశాను, తప్పయింది అని. కోత ఉండదు. నీ కళ్ల సంగతి నాకు తెలుసులే. ప్యాకింగులో వేస్తాను. సూది బాధ ఉండదు."

కళ్ల సంగతి ఎవరు చెప్పారో ఆమె అడగలేదు. పరీక్షగది పిల్లే చెప్పి ఉంటుంది. పాపం, ఆ పిల్లకి కూడా ఉద్యోగం ఉంది.

"ప్యాకింగులో నన్నెందుకయ్యా? మా చిన్నదాన్ని వెయ్యండి. నేను సూదితోనే చస్తాను."

"ఆమె చెయ్యి పడితేనే పూత సమంగా వస్తుంది. ఇంకొకళ్లకి నేర్పేసరికి నా ఆర్డరు ఎండిపోతుంది."

"పోనీ, ఒక్కసారి డాక్టరుకి చూపించండయ్యా."

మేనేజరు జాలిగా నవ్వాడు, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "మనం చూపించామనుకో, మన తొట్టి వల్లే ఏదో వచ్చిందని మనమే ఒప్పుకున్నట్టు కాదూ? ఒకళ్లకి చూపిస్తే పదిమంది వస్తారు. నీకు తెలియనిదేముంది, పెద్దదానివి. రాత్రికి ఆలోచించుకో."

పెద్దదానివి! పనికిమాలిన పనులన్నీ చేయించుకోవడానికి ముందు ఈ బిరుదిస్తారు.

గదికి వచ్చాక చిన్నకోడలు గోడకి కాళ్లు తన్నిపెట్టి వెల్లకిలా పడుకుంది. పెద్దకోడలు పొయ్యి వెలిగించలేదు. పక్కన కూర్చుని, చిన్నదాని పిక్క కింద ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కింది. గుంట పడింది. వేలు తీసింది. గుంట అలాగే ఉంది.

"ఏంటక్కా, పిండి పిసుకుతున్నావా?" చిన్నది నవ్వింది. "గట్టిగా నొక్కు, హాయిగా ఉంది."

పెద్దకోడలు అంతా చెప్పింది. మీటరు, ముల్లు, మేనేజరు, కుర్చీ, ప్యాకింగు. ఏదీ దాచలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు, పడనీ అనుకుంది.

చిన్నకోడలు గోడకి తన్నిపెట్టిన కాళ్లు కిందికి దించుకుంది.

"చెప్పెయ్యక్కా."

"ఏమని?"

"ఎంగిలి నీదేనని. పోయేదేముంది? నీ పని ఉంటుంది, నా పని ఉంటుంది. కళ్ల గోల కూడా తీరిపోతుంది."

"మరి నీ సంగతో?"

"నా సంగతేంటి? ఇప్పుడు తెలిసింది. తెలిస్తే ఏం చేస్తాం? ఆ పట్టీ కొనుక్కుని కట్టుకుంటామా?" చిన్నది లేచి కూర్చుంది. "ఆస్పత్రికి పోతే పరీక్షలకే మన ఇద్దరి నెల పోతుంది. మందులకి ఇంకో నెల. ఆ నెలలు తేవాలంటే ఎక్కడికి పోవాలి? మళ్లీ ఆ తొట్టి దగ్గరికే పోవాలి. వద్దక్కా. నేను ఇవాళే చస్తానా ఏంటి?"

"ఇవాళ చావవు."

"మరింకేం!"

"నువ్వు నా కోసం పెట్టుకున్నావే ఆ దారం నోట్లో. నా కళ్ల కోసం."

"అబ్బా, ఊరుకో! ఏడుపులు మొదలెట్టకు. నువ్వు సూదెక్కించుకోలేక తడుముకుంటుంటే చూడలేక చేశాను. ఇప్పుడు దాన్ని నా నెత్తికి చుట్టకు." చిన్నకోడలు గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి, అటు తిరిగే అంది: "రేపు మాత్రం నోరు జారకు. జారితే నీకూ నాకూ మాటల్లేవు."

మర్నాడు కొనేవాళ్లు వచ్చారు. ముగ్గురు. తెల్లకోట్లు వేసుకుని, బూట్లకి నీలం సంచులు తొడుక్కున్నారు. వాళ్ల దుమ్ము దారానికి అంటకూడదని ఆ సంచులు. నల్లతొట్టి గది కిటికీ ఆ పొద్దున తెరిచి ఉంది. చిన్నకోడలికి కొత్త తొడుగులిచ్చారు.

అందర్నీ కుట్టుబల్లల దగ్గర నిలబెట్టారు. మేనేజరు ఒక పట్టీ పైకెత్తి చూపించాడు. "లోపం సరుకులో లేదండీ, మనిషిలో ఉంది. ఆమే స్వయంగా చెప్తుంది. చెప్పమ్మా."

పెద్దకోడలు ముందుకి వచ్చింది. ఆ ముగ్గురి మొహాలు ఆమెకి మూడు తెల్లటి మసకల్లా కనిపించాయి. పక్కనుంచి మేస్త్రీ, "ఊఁ, కానీ," అన్నాడు.

"ఎంగిలి నాది కాదు," అంది.

మేస్త్రీ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది.

"నా కళ్లు కనపడవు. ఏడాదిగా దాస్తున్నాను, అది నా తప్పే. నాకు సూదులెక్కించేది నా తోటికోడలు. అదుగో, కొత్త తొడుగులు వేసుకుని నిలబడింది. తొట్టి దగ్గర దారం ముంచేది అదే. దాని నోరు తగిలిన దారాన్ని మీ మీటరు పట్టేసింది. అయ్యా, మీ దారం మంచిది. భేషైన దారం. దాని కిడ్నీలు పోతున్నాయని డాక్టరు కంటే ముందు చెప్పింది. ఆ మాట విని ఇక్కడ ఒక్కరు కూడా దాని మొహం చూడలేదు. మీరైనా చూడండి."

ఇంత నిజం పడ్డాక ఏదో ఒకటి విరుగుతుందని పెద్దకోడలు అనుకుంది. నిజానికి అంత బలం ఉంటుందని పాపం ఆమె నమ్మకం.

తెల్లకోట్లలో పొడుగాయన ముందుకి వంగాడు. "అంటే... ఉమ్మితో కూడా పట్టిందా?" అని అడిగాడు. పెద్దకోడల్ని కాదు, మేనేజర్ని.

మేనేజరు ఒక్క క్షణం తడబడి వెంటనే సర్దుకున్నాడు. "పట్టిందండీ. ముల్లు చివరిదాకా వెళ్లింది. కావాలంటే పరీక్షగదిలో చూపిస్తాను."

"చెమట పట్టేదాకా ఆగక్కర్లేదన్నమాట! నోట్లో పెట్టి తీస్తే చాలు. చిన్నపిల్లలకి, ముసలివాళ్లకి... ఇది మీరు ముందే చెప్పాలి కదండీ!"

ముగ్గురూ ఒక్కసారే మాట్లాడడం మొదలెట్టారు. పట్టీ కాకుండా పుల్లలా చేస్తే ఎంత పడుతుంది, ఎంతకి అమ్మొచ్చు, దారం నెలకి ఎన్ని చిలపలు ఇవ్వగలరు. మాట్లాడుకుంటూనే పరీక్షగదికేసి నడిచారు. చిన్నకోడలి పక్కనుంచే వెళ్లారు. పొడుగాయన కోటు అంచు ఆమె చేతికి రాసుకుంది. ఆయన ఆగి, కోటు చూసుకుని, దులుపుకుని వెళ్లాడు.

తలుపు మూసుకున్నాక మేస్త్రీకి గొంతు తిరిగొచ్చింది. "విన్నారుగా, రెట్టింపు ఆర్డరు! ఊఁ, పనిలోకి పదండి. చిన్నకోడలా, తొట్టి నింపించాను, త్వరగా దిగు. పెద్దకోడలా, నీ లెక్క తేల్చుకుని పో. కళ్లు లేనిదానికి సూదెందుకు?"

ఆడవాళ్లు తలలు వంచుకుని కూర్చున్నారు. కుట్టుబల్లల దగ్గర చప్పుడు మళ్లీ మొదలైంది. చిన్నకోడలు తోటికోడలి ముందుకొచ్చి నిలబడింది.

"అయిందా? కడుపు నిండిందా? నీ పని ఊడింది. నా రోగం ఊరందరికీ తెలిసింది. ఏం ఒరిగిందక్కా?"

"ఏమీ ఒరగలేదు," అంది పెద్దకోడలు. "నీ మాటే నిజం."

చిన్నకోడలు విసురుగా తిరిగి తొట్టి గది వైపు నడిచింది. విసురుగా నడవబోయింది గానీ కాళ్లు సాగలేదు. బల్లలు పట్టుకుంటూ పోయింది. కళ్లు మసకైనా పెద్దకోడలు ఆమెకంటే ముందు చేరింది. ఆ దారి ఆమె కాళ్లకి తెలుసు. చేరి, గది గుమ్మంలో కూర్చుంది. వీపు ఒక ద్వారబంధానికి ఆనించి, అరికాళ్లు రెండో ద్వారబంధానికి తన్నిపెట్టింది.

"లే," అంది చిన్నకోడలు.

"లేవను."

"అక్కా, అందరూ చూస్తున్నారు."

"ఇందాకటి దాకా చూడలేదు. ఇప్పుడు చూడనీ."

"పనిచేసేది నేను. నా చావు నేను చస్తాను. నీకెందుకే!" అక్కని ఏనాడూ అలా అనలేదు. అనేసి తానే ఉలిక్కిపడింది.

"చద్దువుగాని. నా మీదుగా పోయి చావు."

మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. తిట్టాడు. గేటు కాపలావాణ్ణి పిలిచాడు. గేటు వాడు పరీక్షగది దగ్గర తెల్లకోట్లవాళ్లకి సలాములు కొట్టడంలో ఉన్నాడు, వినపడలేదు. జుట్టు పట్టి లాగాలంటే లోపల కొనేవాళ్లున్నారు. తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. మేస్త్రీ గొంతు తగ్గించాడు.

"దాటుకుని పోవే," అన్నాడు చిన్నకోడలితో. "అడుగెత్తు ఉంది అంతే. దాటు."

చిన్నకోడలు కిందికి చూసింది. తోటికోడలి మోకాళ్లు గుమ్మానికి అడ్డంగా ఉన్నాయి. వాటి అవతల కొత్తగా తుడిచిన నేల, తెరిచిన కిటికీ, తొట్టి. ఆమె కాలు కొంచెం ఎత్తింది. వాచిన కాలు. గాల్లో ఉన్న ఆ కాలు ముందుకి పోలేదు, వెనక్కీ రాలేదు. బరువాగక ఉన్నచోటే దిగింది.

వెనకాల, తొట్టిలో ముంచడానికి తెల్లదారపు చిలపలు భుజాన వేసుకుని వచ్చిన ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు ఆగిపోయారు. వాళ్లలో ఒకామె, "ఏమైందే?" అంది. చిలపలు కింద పెట్టమని ఎవరూ చెప్పలేదు, ముందుకి పదమనీ చెప్పలేదు.

"దాటవే!" అన్నాడు మేస్త్రీ.

ముంచే చెయ్యి లేక, లోపల తొట్టిలో నల్లపూత మీద అంచుల నుంచి నడిమికి సన్నగా ముడతలు పడుతూ తెట్టు కట్టడం మొదలైంది.